అసలు గోరీ

తాజ్ మహల్ మాట ఎత్తగానే నా వంక చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు నందిగామలో ఇంకా ఇద్దరు ముగ్గురు బతికే ఉన్నారు. వాళ్ళకు చూపు ఆనుతూ ఉండగానే, జరిగింది జరిగినట్టు రాసి పడేద్దామని కూర్చున్నాను. వాళ్ళు పోయాక రాస్తే ఎవరికి సిగ్గు?

నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఆ పైన మా నాన్న నన్ను జగ్గయ్యపేటలో ఒక మిర్చి కొట్లో గుమస్తాగా కూర్చోబెట్టాడు. మిగిలిన చదువంతా రీడింగు రూములో నాకు నేను చెప్పుకున్నదే. చరిత్ర, భూగోళం, పశువైద్యం, ఏ పుస్తకం చేతికొస్తే అది. హిందీ కూడా అంతే. ప్రైవేటుగా ఫీజు కట్టి, బెజవాడ వెళ్ళి రాసి, పరీక్షలన్నీ వరుసగా పాసయ్యాను. హిందీ మాట్లాడే మనిషి మొహం ఒక్కసారి కూడా చూడకుండా పాసయ్యాను. ఇది గొప్పో లోపమో చదివేవాళ్ళు తేల్చుకోవచ్చు. నా లెక్కలో గొప్పే.

యాభైల చివర్లో హైస్కూళ్ళలో హిందీ చెప్పాలన్నారు. నందిగామకు దగ్గర్లోనే ఒక ఊళ్ళో కొత్తగా పెట్టిన హైస్కూలుకి హిందీ పండిట్ కావలసి వచ్చాడు. స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారు పెద్ద రైతు. ఏటా మిరపకాయ మా కొట్టుకే తోలేవాడు. నా సర్టిఫికెట్లన్నీ పట్టుకెళ్ళి ఆయన ముందు పరిచాను. మిరప ఘాటులో తుమ్ముతూ బతికే బతుకులోంచి బయటపడటానికి నాకున్న దారి అదొక్కటే.

ఆయన కాగితాల వంక చూడలేదు. "నీకు హిందీ వచ్చో రాదో నాకెట్టా తెలుస్తుందయ్యా? నాకు రాదుగా!" అన్నాడు. అంతలో ఆయనకే ఉపాయం తట్టింది. "మేం కాశీ వెళ్తన్నాం. నువ్వూ రా. అక్కడ నువ్వడిగితే అన్నం పెట్టారనుకో, నీకు హిందీ వచ్చినట్టే. వచ్చాక ఆర్డరు రాసిస్తా."

అంతకంటే నికార్సైన పరీక్ష నేను రాయలేదు. సరేనన్నాను.

తీరా కాశీలో దిగితే, యాత్రికుల చేత కర్మలు చేయించే పండాలు మాకంటే శుభ్రమైన తెలుగు మాట్లాడారు. "అయ్యా, గోదావరి జిల్లానా, కృష్ణా జిల్లానా?" అని వాళ్ళే ఎదురొచ్చారు. సత్రంలో వంటామెది గుడివాడ. నేను అక్కడున్నన్నాళ్ళూ నోరు తెరిచింది తినటానికే. దాంతో నా పరీక్ష ఆగ్రాకి వాయిదా పడింది.

ఆగ్రా ప్రెసిడెంటు గారి సరదా. ఆయన భార్యకు అది బొత్తిగా ఇష్టం లేదు. "గంగలో మునిగొచ్చి గోరీల చుట్టూ తిరగటమేంటండీ? గోరీ చూస్తే తలకి పోసుకోవద్దా? ఈ చలిలో ఎన్నిసార్లు పోసుకోను?" అంది.

"రాజులు కట్టింది. గోరీ అనకూడదు."

"రాజైతే చచ్చిపోడా?"

ఆమెను అమ్మగారూ అనేవాణ్ణి. ఆమె నన్ను బాబూ అనేది. ఆమె మాటకు ఎదురు చెప్పగలిగినవాడు ఆ ఇంట్లో లేడని నాకు రైల్లోనే అర్థమైంది.

ఆగ్రా స్టేషన్లో ఒక గైడు మమ్మల్ని పట్టుకున్నాడు. నల్ల కోటు, మెడలో మఫ్లరు. వేరే ఎవర్నీ కలపకుండా, మా ముగ్గుర్నే జట్కాలో ఎక్కించుకుని, పొద్దుగూకేదాకా అన్నీ చూపిస్తానన్నాడు. నేను పరీక్షలో వ్యాసం మొదలుపెట్టినట్టు మొదలుపెట్టాను. "మహాశయ్, హమ్ దక్షిణ్ భారత్ సే పధారే హై." మహాశయా, మేము దక్షిణాది నుంచి వేంచేశాము అని. ఎవరికి వాళ్ళు వేంచేశామని చెప్పుకోకూడదని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. గైడు నడుం దాకా వంగి, "పధారియే పండిత్‌జీ, పధారియే!" అన్నాడు.

ప్రెసిడెంటు గారి మొహం విప్పారింది. "విన్నావా? పండిట్ అంటన్నాడు. మనం ఇంకా ఇవ్వనే లేదు, ఇక్కడ ఇచ్చేశారు!"

"ఆయన నవ్వుతున్నాడు గదండీ," అంది అమ్మగారు.

"సంతోషించి నవ్వుతున్నాడే."

నా ఉద్యోగం ఆ క్షణాన ఖాయమైపోయిందని ఇప్పటికీ అంటాను.

గైడు మాట్లాడే హిందీ మాత్రం నా పుస్తకాల హిందీకి దూరపు చుట్టం కూడా కాదు. గాలికి ఎగిరిపోయే మిరప గింజల్ని ఏరినట్టు ఆ మాటల్ని ఏరుకున్నాను. నాలుగు దొరికితే, మధ్యలో దొరకనివి నా చరిత్ర పుస్తకంలోంచి తెచ్చి అతికించి చెప్పాను. ప్రెసిడెంటు గారు ప్రతిదానికీ తలూపాడు. పరీక్ష సాఫీగానే నడుస్తోంది.

తాజ్ మహల్ పెద్ద ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టాం. ఎదురుగా అది కనపడింది. అంతలో ఇద్దరు దొరసానులు గౌన్లు వేసుకుని, కెమెరా ఊపుకుంటూ మా పక్కనుంచి వెళ్ళారు. ప్రెసిడెంటు గారి తల వాళ్ళతో పాటు తిరిగింది. నాదీ తిరిగింది. పేటలో ఎన్నేళ్ళు కూర్చున్నా కనపడని దృశ్యం. ఇందులో తప్పు పట్టేవాళ్ళు తమ మెడలు ఓసారి తడిమి చూసుకోవాలి.

అమ్మగారికి మాత్రం తలస్నానం మీదే ధ్యాస. "ఈ హంగంతా సరేగానీ, అసలు గోరీ ఏదో అడుగు బాబూ. అది చూసేసి పోదాం. తలకి పోసుకునేదాకా నేను మెతుకు ముట్టను."

గోరీ. మా వైపు హిందువులకైనా, సాయిబులకైనా, క్రైస్తవులకైనా గోరీ అంటే గోరీయే. పైగా సాయిబుల మాట. సమాధి అనేది మనది, గోరీ అనేది వాళ్ళది. నిఘంటువు విప్పే పనిలేని మాట. ఆ రోజంతా నేను బెరుకు లేకుండా అడిగిన ప్రశ్న ఇదొక్కటే. గొంతు సవరించుకుని, "అస్లీ గోరీ కహాఁ హై?" అన్నాను.

గైడు ఆగిపోయాడు. నా వంక చూశాడు. ఇంకా దొరసానులు పోయిన దిక్కే చూస్తున్న ప్రెసిడెంటు గారి వంక చూశాడు. అమ్మగారి వంక చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. నా చెవి దగ్గరకొచ్చి, "దిన్ మే నహీ, పండిత్‌జీ. షామ్ కో," అన్నాడు.

"ఏమంటాడు?" అన్నాడు ప్రెసిడెంటు గారు.

"పగలు కాదటండి. సాయంత్రం చూపిస్తాడట."

"దానికి అంత గుసగుసేంటి?"

"అందరికీ చూపించరేమోనండి."

లోపల రెండు గోరీలు ఉన్నాయి. అవి పైకి కనపడటానికి పెట్టిన నకళ్ళనీ, అసలువి కింద నేలమాళిగలో ఉంటాయనీ నేను చదివి ఉన్నాను. ఆ మాటే చెప్పాను. కిందికి పోయే మెట్లకు ఆ రోజు అడ్డంగా తాడు కట్టారు, మరమ్మతులట. సాయంత్రం తాడు విప్పుతారన్నమాట! అన్నీ సరిపోయాయి. సరిపోయినప్పుడు ఎవడైనా అనుమానిస్తాడా?

"నకలు గోరీకి తలకి పోసుకోవాలా, అక్కర్లేదా?" అని అడిగింది అమ్మగారు.

"గోరీ గోరీయే," అన్నాడు ప్రెసిడెంటు గారు.

"శవం లేంది గోరీ ఎట్టా అవుద్ది? దీనికోసారి, దానికోసారి నేను పోసుకోలేను. అసల్ది చూశాకే స్నానం. తిండీ అప్పుడే."

ఆ విధంగా ఆమె పస్తు మొదలైంది.

అక్కణ్ణుంచి కోటకు వెళ్ళాం. కొడుకు తండ్రిని ఖైదు చేసిన చోటు చూపించాడు గైడు. "నలుగురు కొడుకుల్నీ కూర్చోబెట్టి ముందే పంపకాలు చెయ్యకపోతే ఇంతేనయ్యా," అన్నాడు ప్రెసిడెంటు గారు. ఆ రాణి పద్నాలుగో కాన్పులో పోయిందని నేను చెప్పగానే అమ్మగారు గోడ పట్టుకుని నిలబడిపోయింది. "పద్నాలుగా! బతికున్నప్పుడు ఒక మంచి మంత్రసానిని పెట్టలేనోడు, చచ్చాక ఇంత రాయి పెట్టాడా? ఆ మాట గైడుకి చెప్పు బాబూ." మంత్రసానికి హిందీ నా ఏ పాఠంలోనూ లేదు. అమ్మగారికి కోట చాలా నచ్చిందని చెప్పాను. గైడు సంతోషించాడు.

మధ్యాహ్నం సికందరాలో అక్బరు దగ్గరకు తీసుకెళ్ళాడు. అక్కడ 'మక్‌బరా, మక్‌బరా' అంటాడే గానీ గోరీ అనడు. కట్టడం మక్‌బరా, లోపలిది గోరీ అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా చోట ఏ పండితుడున్నా అట్లాగే సర్దుకునేవాడు.

పొద్దు వాలింది. గైడు నన్ను పక్కకు పిలిచి, అమ్మగారిని కళ్ళతో చూపించి, "బేగమ్ సాహిబా భీ?" అన్నాడు. ఆమె కూడానా అని.

"అవశ్య్!" అన్నాను. పొద్దుటి నుంచి పస్తున్నది ఆమే గదా.

గైడు నుదురు కొట్టుకున్నాడు. తర్వాత ప్రెసిడెంటు గారి వంక చూసిన చూపులో గౌరవం పెరిగినట్టు నాకనిపించింది. గౌరవమే అది. ఏ రకానిదన్నది వేరే సంగతి.

జట్కా తాజ్ మహల్ వైపు కాకుండా ఊళ్ళోకి తిరిగింది. "అది అటుంటే ఇటు తిప్పుతాడేంటి?" అంది అమ్మగారు. "సొరంగం ఉంటుందండి," అన్నాను. కొండపల్లి కోటలోంచి ఎక్కడెక్కడికో సొరంగాలున్నాయని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. కొండపల్లికే ఉంటే ఢిల్లీ పాదుషాకు ఉండదా? ప్రెసిడెంటు గారు తలూపాడు.

సన్నటి వీధి. మల్లెదండలమ్మేవాళ్ళు, అత్తరు వాసన. మేడల మీంచి హార్మోనియం, గజ్జెల చప్పుడు. "ఉరుసు జరుగుతున్నట్టుందండి," అన్నాను నేను. ఆ మాట తలచుకుంటే మాత్రం నాక్కూడా కొంచెం ఎట్లాగో ఉంటుంది.

గైడు జట్కా ఆపించి, ఒక మేడ వైపు చెయ్యి చాపాడు. "లీజియే సాహబ్. అస్లీ గోరీ."

మొహానికి తెల్లగా పౌడరు పూసుకున్న ఒకామె పిట్టగోడ మీద మోచేతులు ఆనించి మా వంక నవ్వుతూ చూసింది. జట్కాలో నుదుటి నిండా బొట్టుతో కూర్చున్న అమ్మగారు కంటపడగానే నవ్వు ఆపేసి, గబుక్కున తల మీదికి చెంగు లాక్కుంది.

మా జట్కాలో అప్పటికి విషయం తెలియనివాడు ఎవడూ మిగల్లేదు. తెల్లపిల్లను వాళ్ళు గోరీ అంటారు. పద్యాల్లో నేనూ చదివాను. అది గుర్తుకు రావలసిన వేళకు రాలేదు, అంతే.

"బండి తిప్పమను," అంది అమ్మగారు. నేను హిందీలోకి మార్చేలోపే జట్కావాడు తిప్పేశాడు. గైడు దిగిపోతూ నా వంక చూసి, "ఆప్ హీ నే తో పూఛా థా, పండిత్‌జీ," అన్నాడు. మీరే గదా అడిగారు అని. ఆ రోజు మొత్తంలో అతని మాట ఒక్క ముక్క పోకుండా అర్థమైంది అదే.

ఆ రాత్రికి ఆగ్రాలో దొరికిన సత్రానికి చేరాక మొదలైంది.

"పొద్దుట్నుంచీ నన్ను పస్తుంచింది దీనికా?"

"నేనేం అడగలేదే! ఇతనడిగాడు."

"మీరు చెప్పకుండానే అడుగుతాడా? ఆ దొరసానుల్ని మీరు చూట్టం నేను చూళ్ళేదా?"

నేను అడ్డం వెళ్ళాను. "అమ్మగారూ, మన గోరీ వేరు, వాళ్ళ గోరీ వేరండి. నేను మన గోరీయే అడిగాను."

"గోరీ సాయిబుల మాటా, కాదా?"

"మాటే అనుకోండి..."

"పసిపిల్లోడిక్కూడా తెలిసిన మాట. అంత పెద్ద ఊళ్ళో ఉన్నోడికి తెలీదా? నువ్వు ఆయన్ని వెనకేసుకు రాకు బాబూ. నీకు హిందీ వచ్చు. పండితుడివి. ఆయన అడగమన్నదే నువ్వడిగావు, వాడు అడిగిందే చూపించాడు."

నేను పొద్దున వేసుకున్న లెక్కే అది, ఒక్క ముక్క తేడా లేకుండా. దాన్ని నేను ఎట్లా కొట్టేయగలను?

ప్రెసిడెంటు గారు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఎకరాల మాగాణి ఆసామి, వరండాలో పడుకోవలసిన వాడిలా ఉన్నాడు. చివరికి నా వంక చూసి, నెమ్మదిగా, "నువ్వే చెప్పవయ్యా. నీకు హిందీ వచ్చా?" అన్నాడు.

అడిగింది నా పరీక్షాధికారి. వచ్చునంటే ఆయన కాపురం వీధిన పడుతుంది. రాదంటే నేను మిర్చి కొట్లో పడతాను. ఆయన కళ్ళు మాత్రం ఏ జవాబు కావాలో చాలా స్పష్టంగా చెబుతున్నాయి. ఆ మొహం చూసి వచ్చునని చెప్పగల మనిషి ఎవడన్నా ఉంటే నాకు చూపించండి.

"రాదండి," అన్నాను.

అమ్మగారు నన్ను ఎగాదిగా చూసింది. చాలాసేపటికి ఆమె మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. "రాకపోతే ముందే చెప్పొద్దా బాబూ! పాపం, ఏదో మిరపకాయలు తూచుకునేవాడివి," అని లేచి వెళ్ళి చన్నీళ్ళు తలకి పోసుకుంది. దేనికి పోసుకుందో నేను అడగలేదు. ఆ తర్వాత పొయ్యి రాజేసి ముగ్గురికీ వండి, నాకే ముందు వడ్డించింది.

ఊరికొచ్చాక నేను వారం పదిరోజులు ఆగి ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. ఆయన కాపురం నిలబెట్టినవాణ్ణి. ఆర్డరు సిద్ధంగా ఉంటుందనే వెళ్ళాను. ఆయన నన్ను వసారాలో కూర్చోబెట్టి, పెరట్లోకి, వంటింట్లోకి ఓసారి చూసొచ్చి, నా పక్కనే చేరాడు.

"నువ్వే ఆలోచించు. నీకు ఉద్యోగమిచ్చాననుకో, నీకు హిందీ వచ్చినట్టు అవుద్ది. నీకు హిందీ వస్తే మరి ఆగ్రాలో అడిగించింది ఎవరు? నేనే గదా! మా బావమరిది కూడా కమిటీలో ఉన్నాడయ్యా."

పరీక్షలన్నీ పాసైనవాడికి హిందీ రాకపోవటం ఒక ఇంటి శాంతికి అవసరమైన సందర్భం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. నా సర్టిఫికెట్లు చుట్టలుగా చుట్టుకుంటుంటే ఆయనకు మనసొప్పలేదు.

"ఆఫీసులో గుమస్తా పోస్టు ఒకటుంది. అందులో చేరు. దానికి హిందీ రాకపోయినా పర్లేదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "వచ్చినా పర్లేదా అండీ?" అన్నాను.

ఆయన వంటింటి వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడవయ్యా," అన్నాడు.