గళ్లలో మామిడిపిందెలు

గవర్నర్‌పేట ఆఫీసులో ఎక్సెల్ తెరిచినప్పుడల్లా నాకు మా మగ్గం గుంటలోని తడిమట్టి వాసన తగులుతుంది.

ఏడో తరగతిలో, బడి కంప్యూటర్ ల్యాబులో లాప్‌టాప్‌కి ముగ్గురం. టీచర్ గారు ఎక్సెల్‌లో మార్కుల పట్టిక టైపు చెయ్యమన్నారు. నాకేమో ఆ గళ్లు మా నాన్న చీర అంచు గీసుకునే గ్రాఫ్ కాగితంలా కనిపించాయి. నేతవాళ్ల కోసమే చేశారనుకుని, రంగులేసి మామిడిపిందెల అంచు దించేశాను.

"మార్కులేవమ్మా?" అన్నారు టీచర్ గారు.

"ఇది అంచండీ," అన్నాను.

ఆవిడ కాసేపు చూసి ప్రింటు తీసిచ్చారు.

సాయంత్రం నాన్న మగ్గం ఆపి, వేలితో గళ్లు లెక్కపెట్టాడు. "మూడో పిందెలో ఒక గడి తప్పిందే. రేపు దిద్దుకురా, నేస్తాను."

మర్నాడు బెల్లుకి ముందే ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాను. కంప్యూటర్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఇప్పటికీ మా మగ్గం దగ్గరే అంటాను.