చర్చి వీధిలోకి ఐజాక్ వైరు

“బాబాయ్, నీ ఫోన్లో స్పీడు వంద వస్తే నేనేం చేసుకోను? ఆన్‌లైన్ క్లాసులో పిల్లలకి నా మొహం ఫొటోలా ఆగిపోతోంది!”

“వైరు మార్చా, బాక్సు మార్చా. నువ్వే చూడు గ్లోరీ, వంద చూపిస్తోందా లేదా? నీ లాప్‌టాపే డొక్కు.”

“ఈ సాయంత్రం కూడా ఆగితే రేపట్నుంచి క్లాసులు చెప్పొద్దన్నారు కంపెనీవాళ్లు. అప్పుడు నీ వందని ఉప్పేసుకుని తింటానా?”

మలుపులో స్తంభమెక్కి ఉన్న ఐజాక్‌కి గ్లోరి, జోజిబాబుల గొడవంతా వినిపిస్తోంది. లోలోపల కులాసాగానే ఉంది. చర్చి వీధి ఇంటర్నెట్టు జోజిబాబుది, మలుపు దాటితే ఐజాక్‌ది. ఒకప్పుడు ఒకరి వైర్లు ఒకరు కోసుకుని, చివరికి పాస్టరుగారి ముందు ఒప్పుకున్నారు, అవతలివాడి వీధిలో వైరు లాగకూడదని. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

జోజిబాబు చెడ్డవాడేం కాదు. టీవీ కేబుల్ రోజుల నుంచి తిరువూరులో నిచ్చెన భుజానేసుకుని తిరిగిన మనిషి. వానలో పిలిచినా వస్తాడు. కాకపోతే స్పీడ్ టెస్టంటే దేవుని వాక్యమంత నమ్మకం. అందులో వంద పడిందంటే కస్టమరు అబద్ధమాడుతున్నట్టే.

ఆ ధీమాతోనే విజయవాడ ఆఫీసుకి ఫోన్ కలిపి, గ్లోరికి వినపడేలా స్పీకర్ పెట్టాడు.

“ఆ టెస్టు మన ఆఫీసు దాకానే కొలుస్తుందండి,” అన్నాడు అవతల ఇంజనీరు. “క్లాసుల కంపెనీ వేరే నెట్‌వర్కులో ఉంది. వాళ్లకీ, మనకి నెట్ ఇచ్చే పైవాళ్లకీ తగాదా వచ్చి, నేరుగా ఉన్న లింకు తీసేశారు. ఇప్పుడు మన డేటా సింగపూర్ తిరిగి వెళ్తోంది. సాయంత్రమైతే ఆ దారిలో ఒకటే రద్దీ.”

“ఎప్పుడు బాగవుద్ది సార్?”

“వాళ్లు రాజీ పడ్డప్పుడు.”

ఐజాక్ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. క్లాసుల కంపెనీ ఉన్నది హైదరాబాదులో. అక్కడికి మాట చేరడానికి సముద్రం దాటాలా? ఎవరో ఇద్దరు పంతాలకు పోతే ఇక్కడ ఈ పిల్ల ఉద్యోగం ఊడాలా? కింద జోజిబాబు, దెయ్యాన్ని చూసినవాడిలా ఆ వంద వంకే చూస్తున్నాడు. గ్లోరి గుమ్మంలో కూలబడింది.

జోజిబాబు స్తంభం కిందికొచ్చి తలెత్తాడు.

“ఒరేయ్ ఐజాకూ, మీ కంపెనీ లైన్లో ఆ క్లాసులు బాగానే వస్తన్నాయా?”

పిలిచింది తననేనని నమ్మడానికే ఐజాక్‌కి కాసేపు పట్టింది. తలూపాడు.

“అయితే సాయంత్రం లోపు గ్లోరి ఇంటికి నీ వైరు లాగరా. పాస్టరుగారికి నేను చెప్పుకుంటాలే.”