సుమన్ బాయి కట్టించిన రెండు సంచులు

ఏడేళ్ళ పిల్ల ఒక ఊరు ఇచ్చిన తీర్పును కొట్టేయగలదంటే మీరు నమ్ముతారా? నమ్మరని నాకు తెలుసు. ఎక్కాలు అప్పజెప్పించుకోవడానికే తప్ప పిల్లల మాట వినడానికి మనం ఎన్నడు కూర్చున్నాం?

మొన్న మరాఠీ సరిహద్దున రాజురా నుంచి కోర్పనా వెళ్తుంటే వాన పట్టుకుంది. రోడ్డు పక్క చేలో ఒక టార్పాలిన్ కింద నుంచి పులిసిన, వెచ్చని వాసన బస్సు కిటికీలోకి కొట్టింది. తడిసిన సోయా పొట్టు వాసన. మా వైపు దాన్ని కుటార్ అంటాం, పశువులకు వేస్తాం. ఆ వాసనకు సుమన్ బాయి గుర్తొచ్చింది. మరాఠీ బడుల్లో టీచరమ్మను బాయి అనే పిలుస్తారు. ఆమె రాజురా తెలుగు రైతుల బిడ్డ. పాఠం మరాఠీలో చెప్పేది, కోపం మాత్రం తెలుగులో వచ్చేది.

మా ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులకు కలిపి ఒకే గది. అందులో బెంచీలు లేవు గానీ డబ్బాలు, సీసాలు, గింజలు, ఇటుక ముక్కలు నిండా ఉండేవి. పుస్తకం తెరిచేముందు వస్తువు చేతికి రావాలన్నది ఆమె పద్ధతి. నానిన శనగ ఎందుకు ఉబ్బుతుందని ఒకసారి అడిగాను. "నన్నేం అడుగుతవే? గా శనగనే అడుగు. ఇప్పి చూడు," అంది. ఇంకోసారి, నిమ్మకాయ నీళ్ళలో మునుగుతుందని తానే చెప్పింది. బకెట్లో వేస్తే తేలింది. ఆమె నవ్వి, "బాయి తప్పు చెప్పింది అని పలకల మీద రాయుండ్రి. పెద్దగ రాయుండ్రి, నాకు కండ్లు సరిగ కనవడయ్," అంది. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత ఎన్నో సభల్లో, ఎందరో పండితుల మధ్య కూర్చున్నాను. అంత సులువుగా ఒప్పుకున్న మనిషి మళ్ళీ కనబడలేదు.

నేను రెండో తరగతిలో ఉన్న ఏడు కోతల సమయంలో వాన పడింది. మా పక్కింటి పోశన్న కాక సోయా నూర్చి, తడి ఆరని కుటార్‌ను గోడకు ఆనించి కుప్పపోసి, కాళ్ళతో తొక్కి, టార్పాలిన్ కప్పాడు. కొన్ని వారాలకు, పట్టపగలు, దగ్గర ఎవరూ లేని వేళ, కుప్ప నడుమ నుంచి పొగ లేచింది. బిందెలతో నీళ్ళు పోసి ఆర్పారు. సగం మాడిపోయింది. మిగిలినదాన్ని ఆయన మళ్ళీ కుప్పవేసి కప్పేశాడు. పొగ లేవడానికి ముందురోజే మా పెద్దమ్మ, మా నాన్న అన్న భార్య, మా బర్రె కోసం గంపెడు కుటార్ అడిగింది. ఆయన లేదన్నాడు. "ఉంచుకో, ఎన్నొద్దులు ఉంటదో చూస్త," అని ఆమె విసుక్కుంటూ వచ్చింది. ఆ ఒక్క మాట చాలింది. మగడు పోయిన ఆడది, పైగా నోరున్న ఆడది! భానామతి చేసిందన్నారు. మా సరిహద్దు ఊళ్ళలో చేతబడికి అదే పేరు, తనంతట తాను మంట పుడితే దాని పనే అంటారు. అమావాస్యకు మంత్రగాణ్ణి పిలిచి ఊరికి శాంతి చేయిస్తాం, అంతలోగా ఆమె ఊరు విడిచిపోవాలి అని ఊరి పెద్దలు తీర్పు చెప్పారు. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. నాన్న ఉప్పర్వాహి సిమెంటు లారీల మీద తిరుగుతూ నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు. ఆమె పోతే ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టే చేయి లేదు.

మర్నాడు బడిలో నా పక్కన కూర్చునే రేణుక, పోశన్న కాక కూతురు, చాప లాక్కొని దూరం జరిగింది.

"దీని పెద్దమ్మ చూస్తెనే అంటుకుంటది బాయీ!"

నేను ఏడ్చాను. సుమన్ బాయి నన్ను ఓదార్చలేదు, రేణుకను తిట్టనూ లేదు. "గట్లనా? అయితే మనం గూడ చూద్దాం. రేపు మీ ఇంట్లకెల్లి కుటార్ తీస్కరా," అని రేణుకతో అంది.

ఆ కుటార్‌ను రెండు గోనె సంచుల్లో మేమే కూరాం. ఒకదానిలోది బాగా ఎండబెట్టిన కుటార్. రెండోదానికి నీళ్ళు చల్లాం. రెండింటినీ ఎక్కి తొక్కి, మూతులు కట్టి, పాత టార్పాలిన్ ముక్కలు కప్పాం. రోజూ ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరం కళ్ళు మూసుకొని రెండింటిలోనూ మోచేతిదాకా చేయి పెట్టాలి. మొదటి రోజు రెండూ చల్లగా ఉన్నాయి. రెండో రోజు, వెచ్చగా ఉందని కొందరం, లేదని కొందరం కొట్లాడుకున్నాం. నాలుగో రోజు రేణుక చటుక్కున చేయి లాగేసుకుంది.

"అమ్మో! తడిది గరం గరం ఉంది బాయీ!"

"ఎవరు మంట వెట్టిన్రు? రాత్రి నువ్వేమన్న వచ్చినవా?"

"నేనెట్ల వస్త? తాళం నీ దగ్గర్నే ఉంది గద!"

"అయితే భానామతి చేసింది నేనే. పట్టుకోండ్రి నన్ను!"

గది పగలబడి నవ్వింది. అప్పుడు బాయి చెప్పింది: తడి మేతలో కంటికి కనబడనంత చిన్న జీవులు పెరుగుతాయి, వాటివల్ల వేడి పుడుతుంది, గాలి ఆడకపోతే ఆ వేడి బయటికి పోలేక లోపలే పేరుకొని, పెద్ద కుప్పలో అయితే చివరికి పొట్టు తానే అంటుకుంటుంది. ఆమె భర్త సాస్తి గనిలో పనిచేసేవాడు. అక్కడ బొగ్గు కుప్పలు, కారణం వేరే అయినా, ఎవరూ అంటించకుండానే పొగలు కక్కడం ఆమె చూసింది.

ఆ సాయంత్రం పిల్లలమంతా బాయి వెంట తడి సంచి మోసుకొని పోశన్న కాక ఇంటికి పోయాం. రేణుక ముందు నడిచింది. "బాపూ, చెయ్యి వెట్టు," అంది. ఆయన పెట్టాడు, కానీ ఒప్పుకోలేదు.

"బళ్ళె ఆటలు నాకు చెప్పకు బాయీ. మా తాత కాలంకెల్లి జొన్నసొప్ప వెడ్తున్నం. ఎన్నడన్న కాలిందా?"

"సొప్ప నిలవెడ్తరు, గాలి ఆడుతది. నువ్వు తడి కుటార్ తొక్కి మూతవెట్టినవ్ పోశన్నా. నా మాట నమ్మకు. మిగిలిన కుప్పల గడ్డపార గుచ్చి చూడు."

పొరపాటంతా అక్కడే ఉంది. మా ఊళ్ళో సోయా కొత్త పంట. జొన్నసొప్పతో జీవితమంతా గడిపిన చేతులకు ఈ పొట్టు గుణం తెలియదు. తెలియనిదానికి ఒక విధవ పేరు పెట్టారు!

ఆయన గడ్డపార గుచ్చాడు. చుట్టూ కూర్చొని ఎదురుచూశాం. చాలాసేపటికి బయటికి లాగి, మొన పట్టుకొని, వెంటనే వదిలేశాడు. మా పెద్దమ్మ మా ఇంటి గడపలో నిలబడి చూస్తోంది. ఆయన ఆమె వైపు తల తిప్పకుండా నీళ్ళ బిందెలు తెప్పించి, టార్పాలిన్ లాగి అవతల పడేసి, కుప్ప విప్పడం మొదలుపెట్టాడు.

క్షమించమని ఆయన ఎన్నడూ అడగలేదు. కానీ మంత్రగాడు రాలేదు. అమావాస్య వచ్చి పోయింది, పెద్దమ్మ ఊళ్ళోనే ఉంది. కొందరు ముసలమ్మలు ఆమె ఎదురొస్తే చాలా ఏళ్ళు పక్కకు తప్పుకున్నారు. మా తరగతి పిల్లల్లో ఒక్కరూ తప్పుకోలేదు.

మూఢనమ్మకాల మీద తర్వాత నేను ఎన్నో ఉపన్యాసాలిచ్చాను. చప్పట్లు కొట్టినవాళ్ళే మర్నాడు తాయెత్తులతో కనబడ్డారు. సుమన్ బాయి భానామతి మీద ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆమె నుంచి నాకు మిగిలిన అలవాటు ఒకటే. ఎవరైనా ఒక మనిషి మీద వేలు చూపితే, వాదనకు దిగేముందు, స్వయంగా చూసి తేల్చుకునే దారి ఏదైనా ఉందా అని వెతుకుతాను. ఒక్కోసారి నేననుకున్నదే తప్పని తేలుతుంది. అదీ మంచిదే.

ఇక మీ సంగతి. ఈ వారమే మీ ఊరి బడికి పోండి. ఒకటో తరగతి గదిలో నేల మీద కూర్చోండి. పిల్లల చేతులు ఖాళీగా ఉంటే, కావలసిన సామాన్లు మీరే మోసుకెళ్ళండి. తర్వాత మీరు గట్టిగా నమ్మే మాట ఒకటి వాళ్ళ ముందు పెట్టండి. వాళ్ళు పరీక్షించి తేల్చేదాకా, దయచేసి, నోరు మూసుకొని కూర్చోండి.