యోబుకు ఆటో ఇవ్వొచ్చా?

ఎల్లారెడ్డిలో యోబు బడిపిల్లల ఆటో నడిపేవాడు. ఆటోను తుడిచినంత శ్రద్ధగా తన మొహం ఏనాడైనా తుడుచుకున్నాడా అని భార్య సుధారాణి దెప్పేది. అలాంటివాడు మోటారుసైకిల్ మీంచి పడి తల పగలగొట్టుకున్నాడు. కుట్లు మానాయి. అయినా బడివాళ్ళు, మెదడు ఎలా పనిచేస్తోందో పరీక్ష చేయించుకుని వస్తేనే పిల్లల్ని ఎక్కించుకోమన్నారు.

ఆ మాటతో సుధారాణికి ముద్ద దిగలేదు. ఆటో పోతే ఇల్లెలా గడుస్తుంది? పరీక్ష గట్టెక్కాలని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉపవాస ప్రార్థన పట్టారు. బాగా నిద్రపోయి, కడుపునిండా తిని రమ్మని ఆస్పత్రివాళ్ళు ఫోన్లో చెప్పనే చెప్పారు. దేవుడికన్నా వాళ్ళకెక్కువ తెలుసా అనుకుంది ఈ మహాతల్లి!

కామారెడ్డి ఆస్పత్రిలో ఆ పరీక్ష చేసే పద్మప్రియ మేడం నవ్వుతూ కూర్చోబెట్టింది.

"భయపడకు అన్నా. గిండ్ల పాసు, ఫెయిలు ఉండయ్. ఏది మంచిగుంది, ఏది తగ్గింది చూస్తం, అంతే."

కొన్ని మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంది. గడియారం గీయమంది. రంగుచెక్కలు బొమ్మలో ఉన్నట్టు పేర్చమంది. యోబుకు చెమటలు పట్టాయి, చిన్న లెక్కలు కూడా తప్పాడు. బయట బెంచీ మీద సుధారాణి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అంతలో మేడమే బయటికొచ్చింది.

"అక్కా, అన్న పొద్దుగాల ఏం తిన్నడు?"

"ఏం తినలే మేడం. పరీక్ష మంచిగ కావాలని ఉపాసమున్నం."

"అయ్యో రామా! ఆకలితోనున్న మనిషికి లెక్కలేం తోస్తయి? ముందుగాల తినిపిచ్చుకొని రాపో."

ఇడ్లీ ముందు పెట్టుకుని యోబు జంకాడు. "దేవుడు కోపం జేస్తడేమోనే."

"నువ్ తిను. దేవునితోని నేను మాట్లాడ్త."

తిన్నాక యోబు తేరుకున్నాడు. మిగతా పరీక్షంతా ముగించుకుని, "ఈసారి మంచిగైందే!" అంటూ వచ్చాడు. సుధారాణికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మేడం ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది.

"ఇంట్ల ఎట్లుంటుండు అక్కా? ఏమన్న మారిండా? ఇది గూడ పరీక్షల భాగమే."

అంతా మంచిగనే ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొన్న, కుట్లు మానాక, పెట్రోలు బంకుకు ఖాళీ ఆటోలో పోతుంటే ఎడమ పక్కన సైకిల్ మీద ఓ పిల్ల వచ్చింది. యోబు చూడనే లేదు. సుధారాణి కేక పెట్టబట్టి ఆ పిల్ల బతికిపోయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆటోలో ఎక్కే బడిపిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"ఎడమ దిక్కు వచ్చే పిల్ల ఆయనకు కండ్లవడలే మేడం" అంటూ ఏడ్చేసింది.

మేడం ఆమె చేయి పట్టుకుంది. "మంచిగ చెప్పినవక్కా. ఆ దిక్కు ధ్యాస జర తగ్గినట్టు నాకు గూడ అనుమానమైంది. ఇప్పుడైతే నడపొద్దు. కొన్ని నెలలాగి మళ్ళ చూద్దం."

బస్టాండులో సుధారాణి యోబుకు సంగతంతా చెప్పింది. అతని మొహం నల్లబడింది.

"నా నోట్లె మన్ను గొట్టినవ్ గదనే."

"కొట్టిన. ఆ బడిపిల్లలు గూడ ఒక తల్లి గన్నోళ్ళే."

ఎల్లారెడ్డి బస్సొచ్చింది. యోబు ఎక్కాడు గాని ఆమె పక్కన కూర్చోలేదు.