దావీదు తాత ఊపిరి

1950 ఎండాకాలం. నేను జనగామ మిషన్ దవాఖానలో నర్సును. తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడానికి ఊళ్లలో మిలిటరీ క్యాంపులు పెట్టిన రోజులు. ఒక మధ్యాహ్నం దేవరుప్పుల దగ్గరి పల్లె నుంచి ఎడ్లబండి వచ్చింది. "నర్సమ్మా, దావీదు తాతకు ఊపిరి పోతున్నది, జల్ది రా" అన్నాడు బండాయన.

దావీదు తాత ఆ ఊరి చర్చి సంఘ పెద్ద. ఆయనకు పార్కిన్సన్స్ ఉందని మా డాక్టరు అంతకుముందే చెప్పారు. చేతులు వణికి, ఒళ్లు బిగుసుకుపోయి, ఏటేటా ముదిరే నరాల జబ్బు అది.

నేను వెళ్లేసరికి ఆయన్ను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టారు. మంచం మీద ప్రాణం పోకూడదన్న పట్టింపు మా క్రైస్తవ ఇళ్లలోనూ వదల్లేదు. తాత గురక పెడుతున్నాడు. మధ్యలో ఊపిరి ఆగుతోంది, చాలాసేపటికి మళ్లీ ఎగబీలుస్తున్నాడు. సంఘమంతా పాట అందుకుంది. నేనూ మోకాళ్లూని కళ్లు మూసుకుని, ఆయన ఆత్మను ప్రభువుకు అప్పగిస్తూ ప్రార్థన మొదలుపెట్టాను.

తాత భార్య మార్తవ్వ నా చెయ్యి పట్టుకుని చెవిలో అడిగింది. "బిడ్డా, అడవిల దళంతోని ఉన్న నా కొడుక్కు కబురు పంపాల్నా? బాపు పోతుండంటే ఆగడు, వస్తడు. వస్తె క్యాంపోళ్లు పట్టుకుంటరు."

కళ్లు తెరిచాను. కబురు మోసే మనిషి చెప్పులు తొడుక్కుని గడపలో నిలబడి ఉన్నాడు.

అప్పుడు తాతను సరిగ్గా చూశాను. తాత ఛాతీ లేస్తోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. నాడి గట్టిగా ఉంది. వెల్లకిలా పడుకోవడంతో నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడింది. ఆయన నోట్లో ఎవరో నీళ్లు పోయబోతుంటే చెంచా లాగేసుకున్నాను. ఆయన్ను పక్కకు ఒత్తిగిలించి, వీపు వెనక బొంత చుట్టి ఆనించాను. ఊపిరి సాఫీగా ఆడింది. కాసేపటికి తాత కళ్లు తెరిచాడు.

"ఎవలు సచ్చిండ్రు? గింతమంది వచ్చిండ్రేంది?"

"నువ్వే, ఇంకెవలు!" అంది మార్తవ్వ ఏడుస్తూనే.

"కబురు వద్దవ్వా" అన్నాను. "తాత నిద్రపోయిండు, గంతే. ఇగ ఎన్నడూ ఎల్లెలకల పండనియ్యకు."

గడపలో మనిషి చెప్పులు విప్పేశాడు.

పోరాటం ఆగిపోయాక కొడుకు ఇంటికొచ్చి, బతికున్న తండ్రినే చూశాడు. నిద్రలో అలా ఊపిరి ఆగడాన్ని ఆప్నియా అంటారని, నరాల జబ్బులున్నవాళ్లలో అది తరచూ కనిపిస్తుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మెలకువగా ఉండి ప్రార్థించమని యేసు ప్రభువు చెప్పింది, సిలువకు ముందు రాత్రి తోటలో కునికిన శిష్యులకే అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి రోగి పక్కన ఎప్పుడు మోకరించినా, కళ్లు తెరిచే ప్రార్థిస్తున్నాను.