నాలుగో సైకిల్

భిక్షం పిరికివాడు. ఈ మాట నేను వెనకాల అనడం లేదు, అతని మొహం మీదే వందసార్లు అన్నాను. షేక్‌పేట పాత ఊళ్ళో పుట్టి, ఇరవై రెండేళ్ళు ఫిల్మ్‌నగర్‌లో సినిమా యూనిట్ వ్యాన్ నడిపిన మనిషికి ఇంత భయమేమిటయ్యా అంటే, "భయపడ్డ కాబట్టే గిన్నేండ్లు ఒక్క డ్యాష్ గూడ గాకుండ నడిపిన అన్నా" అనేవాడు. అది మాత్రం నిజం. నేను అదే యూనిట్‌లో పదిహేనేళ్ళు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసి, డైరెక్టర్ని కాకుండానే మానుకున్నవాణ్ణి. ఎన్నో బళ్ళెక్కాను. కునుకు తీయగలిగింది భిక్షం పక్క సీట్లోనే.

యూనిట్ వ్యాన్ అంటే లైట్లు, స్టాండ్లు, కేబుళ్ళు మోసే బండి. దాని డ్రైవరు నడిపితే సరిపోదు, ఎక్కించిన సామాను కట్టడం కూడా అతని పనే. ఆ కట్టడంలో యూనిట్ వాళ్ళకొక పద్ధతి ఉంది. పీటముడి వేయకూడదు. లొకేషన్ మారితే పది నిమిషాల్లో అన్నీ విప్పాలి, ముడి దగ్గర గోళ్ళతో గీరుతూ కూర్చుంటే లైట్‌మన్ల మేస్త్రీ ఊరుకోడు, ఏడు తరాలూ గుర్తుచేస్తాడు. అందుకని తాడు కొసను మడిచి దోపి, ఒక్క గుంజుడుకు మొత్తం జారిపోయేలా ముడి వేస్తారు. భిక్షం ఆ ముడి కళ్ళు మూసుకుని వేస్తాడు. అసలు అతని చేతులకు వేరే ముడి రాదు.

షూటింగులు తగ్గి యూనిట్ వ్యాన్లు ఖాళీగా ఎండకు ఎండుతున్న రోజుల్లో, భిక్షం జూబ్లీహిల్స్‌లో కమలాకర్ గారింట్లో కారు డ్రైవరుగా కుదిరాడు. కమలాకర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాయన. అప్పటికి మాదాపూర్ అంతా అద్దాల మేడలైపోయింది, అందులో కూర్చున్న వాళ్ళందరికీ పొట్టలొచ్చాయి. రెండు వేల పన్నెండు ప్రాంతంలో వాళ్ళకు ఉన్నట్టుండి సైకిల్ పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే గండిపేట చెరువు దగ్గర తొక్కాలి. అక్కడిదాకా తొక్కుకుంటూ పోతే ట్రాఫిక్కు, దుమ్ము, కుక్కలు. కాబట్టి సైకిళ్ళు కారు మీద పోవాలి.

"తొక్కనీకి సైకిల్ కొన్నరు. సైకిల్‌ను మొయ్యనీకి కారు పెట్టిన్రు. కారు నడపనీకి నన్ను పెట్టిన్రు. ఇగ ఈ సైకిల్ ఎవరి కోసం అన్నా?" అని భిక్షం నన్ను అడిగాడు. అది నవ్వుతూ అడిగిన మాటే. తర్వాత నవ్వడం మానేశాడు.

ఎందుకంటే కారు డిక్కీకి తగిలించిన ఆ ర్యాక్ అతన్ని హడలగొట్టేసింది. డిక్కీ తలుపుకు బెల్టులతో బిగించి, బయటికి చాచిన రెండు కడ్డీల మీద సైకిళ్ళు వేలాడదీయాలి. కమలాకర్‌దీ, స్నేహితులవీ కలిపి మూడు సైకిళ్ళు వేలాడదీస్తే వెనక అద్దం పూర్తిగా మూసుకుపోతుంది. నడిపేవాడికి చక్రాలు, ఊచలు తప్ప వెనక రోడ్డు కనపడదు. ఇరవై రెండేళ్ళు అద్దంలో చూసుకుంటూ బతికిన మనిషికి వీపు వెనక ఏం జరుగుతోందో తెలియకుండా పోయింది. ఒక్కో సైకిల్ ఖరీదెంతో అతను ఎప్పుడూ అడగలేదు. తెలిస్తే స్టీరింగ్ మీద చేతులు వణుకుతాయని.

శనివారం సాయంత్రమైతే అన్నం సయించేది కాదు. భార్య శకుంతలమ్మ కోప్పడేది. "సైకిలేగా నువ్వు మోసేది, బాంబు గాదు గదా! తిను జర" అనేది. అతను రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. సైకిల్ పోతే పోయింది, వెనకాల వచ్చే మనిషి మీద పడితే? ఈ ఒక్క ఆలోచనే అతన్ని పట్టి పీడించేది. అందుకే దారిలో మూడుచోట్ల ఆపి, దిగి, బెల్టులు పట్టి ఊపి చూసేవాడు. కమలాకర్ నవ్వేవాడు. "రిలాక్స్ భిక్షం, ఇది ఇంపోర్టెడ్ ర్యాక్" అనేవాడు.

ఆ ఆదివారం నాలుగో సైకిల్ వచ్చింది. కమలాకర్ భార్య స్ఫూర్తి కూడా తొక్కుతానని కొత్తది కొనుక్కుంది. ర్యాక్ మూడింటికే చేసింది, నాలుగోదానికి గాడి లేదు, బెల్టూ లేదు.

"సార్, ఇది పట్టది. రెండు ట్రిప్పులు ఏస్త" అన్నాడు భిక్షం.

"అరే, అంత టైమ్ లేదు యార్. ఈ ఒక్కసారికి అడ్జస్ట్ చెయ్. తాడుతోని కట్టెయ్ జర. నీకు తెల్వని కట్టుడా?" అన్నాడు కమలాకర్. అని, భార్యతో, స్నేహితులతో ఇంకో కారులో ముందు వెళ్ళిపోయాడు.

భిక్షం కట్టాడు. మూడో సైకిల్‌కు ఆనించి, తాడు నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా లాగి, ఊపి చూశాడు. రాయిలా ఉంది. చివర చేతులు వాటంతటవే కొసను మడిచి దోపేశాయి. ఏ ముడి వేశాడో అతను గమనించను కూడా లేదు. మనం చెప్పుల్లో ఏ కాలు ముందు పెట్టామో గమనిస్తామా?

పొద్దున ఆరు. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే వాలు రోడ్డు, ఇంకా జనం లేరు. వాలు మధ్యలో స్పీడ్ బ్రేకర్ దాటుతుండగా వెనక 'టప్'మని చిన్న చప్పుడైంది. భిక్షం ఆపుదామని కాలు బ్రేకు మీద పెట్టాడు. అప్పుడే ఫోన్ మోగింది, సారు. వెనక ఎవరో హారన్ కొట్టారు. బెల్టు కొస కొట్టుకుందిలే అనుకుని ముందుకు పోయాడు. ప్రతి ఆదివారం మూడుసార్లు ఆపే మనిషి, ఆపాల్సిన ఒక్కసారీ ఆపలేదు.

నార్సింగి చౌరస్తాలో దిగి వెనక్కి వెళ్ళి చూశాడు. మూడు సైకిళ్ళున్నాయి. తాడు కొస నేలను తాకుతూ వేలాడుతోంది. ఎక్కడా తెగలేదు. శుభ్రంగా, ఎవరో పట్టి గుంజినట్టు విడిపోయింది. అప్పుడు తెలిసింది అతనికి, తన చేతులు ఏ ముడి వేశాయో. గాలికి కొస కొట్టుకుని కొట్టుకుని, కుదుపుకు జారిపోయింది.

"అన్నా, గాడ నిలబడ్డ కాడనే నా పాణం సగం పోయింది" అన్నాడు నాతో.

బండి వెనక్కి తిప్పాడు. ఎన్ని సినిమాల్లో మేం పరుగులు తీయించాం, ఛేజింగులు తీశాం, ఆ దారిలో భిక్షం పడ్డ భయం నేను ఏ సీన్‌లోనూ చూడలేదు. వేగంగా పోదామంటే ఎక్కడ పడిందో కనపడదు, మెల్లగా పోదామంటే ఆలోగా ఎవరి ప్రాణమైనా పోతుందేమోనని. రోడ్డు పక్క నలుగురు నిలబడి కనిపిస్తే చాలు, బండి ఇంకా మెల్లగా చేసి వాళ్ళ కాళ్ళ దగ్గర వెతికేవాడు. దర్గా దగ్గర పెద్ద గుంపు. బండి ఆపేసి, దిగలేక, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తీరా చూస్తే చికెన్ షాపు ముందు ఆదివారం లైను. ఇంకాస్త ముందుకు పోయేసరికి అంబులెన్స్ ఎదురొచ్చింది. అందులో ఎవరున్నారో? అటు తిరిగి దాని వెంట పోవాలా, ముందుకే పోవాలా? అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అతను అద్దంలోకి చూశాడు. అద్దంలో చక్రాలు తప్ప ఏమీ కనపడలేదు.

ఫోన్ మూడుసార్లు మోగింది. ఎత్తలేదు. అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు, దాచడమెందుకు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎవరో కోసుకుపోయిన్రు సార్, అని చెబుదామనుకున్నాడు. డైలాగు కుదరక పెదాల మీద రెండుసార్లు మార్చుకున్నాడట. నేనైతే ఆ డైలాగు ఓకే చేసేవాణ్ణి కాదు.

ఫిల్మ్‌నగర్ వాలు దగ్గరికి వచ్చేసరికి ఏడు కావస్తోంది. స్పీడ్ బ్రేకర్‌కు కాస్త కింద, ఒక పెద్ద బంగళా కాంపౌండ్ గోడకు ఆనించి నిలబెట్టి ఉంది సైకిల్. ముందు చక్రం వంకరపోయింది. దాని పక్కనే ఫుట్‌పాత్ మీద, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. ఎడమచేయిని కుడిచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టు ఉబ్బి, నల్లబడి, చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. భిక్షం కారు వెనక మూడు సైకిళ్ళు చూడగానే ఆవిడ గభాలున లేచి నిలబడింది.

బతికే ఉంది. భిక్షం తలుపు పట్టుకుని దిగాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కేకలేసి జనాన్ని పోగేస్తుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అన్నయ్యా, ఈ సైకిలు మీదేనాండీ?" అంది ఆవిడ. "నేనేం చేయలేదండీ. ఆదివారం పూజకని గుడికి, అదే చర్చికి, నడిచిపోతున్నాను. వెనకనుంచి జారుకుంటూ వచ్చి మీద పడిపోయింది. చక్రం నేను వంచలేదు, అది పడ్డప్పుడే వంగిపోయిందండీ. దేవుడి మీద ఒట్టు."

భిక్షం వంకరపోయిన చక్రాన్నీ, ఆవిడ చేతినీ చూశాడు. ఆవిడ ఆ చూపును కోపమనుకుంది. ఇంకా తొందరగా చెప్పుకుపోయింది. పేరు తెరెసా. ఏలూరు వైపునుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. రెండు వీధుల అవతల ఒక ఇంట్లో వంట చేస్తుంది.

"చెయ్యి ఇరిగినట్టుంది గదమ్మా! దవాఖానకు పోకుండ గీడనే కూసున్నవేంది?" అన్నాడు భిక్షం ఎట్టకేలకు.

ఆవిడ గడ్డంతో బంగళా గేటు వైపు చూపించింది. గేటు మీద కెమెరా ఉంది.

"అందులో నేను పడినట్టుందండీ. వదిలేసి వెళ్ళిపోతే, ఈలోగా ఎవరైనా పట్టుకుపోతే? నేనే తీశానంటారు. ఇంత ఖరీదు సైకిలు. అందుకని లేపి, గోడకి నిలబెట్టి, కాపలా కూర్చున్నాను. మీ అయ్యగారితో నా పేరు చెప్పకండి అన్నయ్యా. ఇక్కడివాళ్ళు ఒకళ్ళకొకళ్ళు తెలుసు. మా అమ్మగారికి తెలిస్తే పనిలోంచి తీసేస్తారు."

విరిగిన చేత్తో, ముప్పావు గంటసేపు, ఆ చేతిని విరగ్గొట్టిన సైకిల్‌కు కాపలా! ఈ ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా భిక్షం ఆగిపోతాడు. నాకూ ఒళ్ళు మండిపోతుంది, ఎవరి మీదో తెలియదు.

"నాకు సిగ్గైంది అన్నా" అన్నాడు భిక్షం. "తప్పు జేసిన నేనేమో అబద్ధం తయారు జేస్కుంట వచ్చిన. ఏ తప్పు లేని మనిషి నన్ను జూసి వణుకుతున్నది."

అప్పుడే నాలుగోసారి ఫోన్ మోగింది. ఈసారి ఎత్తాడు.

"భిక్షం! వేర్ ఆర్ యూ యార్? గంటనుంచి వెయిటింగ్ గీడ!"

"సార్, సైకిల్ పడ్డది. ఒకామె మీద పడ్డది. చెయ్యి ఇరిగింది. నేను కట్టిన తాడే ఊడింది సార్. ఆమెను దవాఖానకు తీస్కపోతున్న."

"ఏ సైకిల్?" అన్నాడు కమలాకర్.

భిక్షం జవాబు చెప్పలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మౌనంలో కమలాకర్‌కు తన మాట తనకే వినపడినట్టుంది. "సారీ... ఆమెకు ఎట్లుంది? తీస్కపో. నేనొస్తున్న" అన్నాడు. వచ్చాడు కూడా, అరగంట తర్వాత. అది ఒప్పుకోవాలి.

తెరెసా కారు ఎక్కనంది. చీరకు మట్టంటింది, సీటు పాడవుతుందట. భిక్షం తన భుజం మీది తువ్వాలు సీటు మీద పరిచాక గానీ కూర్చోలేదు. సైకిల్‌ను ఆ గోడకే వదిలేసి, టోలిచౌకి దగ్గర ఒక దవాఖానకు తీసుకుపోయాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన చోటల్లా ఆవిడ పళ్ళు బిగబట్టింది గానీ కిక్కురుమనలేదు.

అత్యవసర విభాగంలో బల్ల వెనక కూర్చున్న నర్సు కాగితం ముందుకు లాక్కుంది. "దెబ్బ ఎట్ల తగిలింది?" అని అడిగింది. "యాక్సిడెంట్ అయితే పోలీసులకు చెప్పాలె మేము."

పోలీసులనగానే భిక్షానికి లైసెన్సు, కేసు, కోర్టు, ఉద్యోగం, శకుంతలమ్మ, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఇరవై రెండేళ్ళలో ఒక్క చలానా లేని మనిషి.

తెరెసా అతని మొహం చూసింది. చూసి, నర్సు వైపు తిరిగి, మెల్లగా అంది. "యాక్సిడెంట్ కాదండీ. గుడికి పోతూ జారి పడ్డాను."

నర్సు కలం కాగితం మీద పెట్టింది. భిక్షం నోరు మూసుకుని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఊరుకోమనే అతని ఒంట్లో ప్రతి నరమూ చెప్పిందట.

"గట్ల రాయకు సిస్టర్" అన్నాడు. "ఆమె జారి పడలే. నా బండి మీది సైకిల్ ఆమె మీద పడ్డది. నేను సరిగ కట్టలే. నా పేరు భిక్షం, తండ్రి పేరు వెంకటనర్సయ్య, ఊరు షేక్‌పేట. రాస్కో."

నర్సు రాసుకుంటున్నంతసేపూ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడట. పడిపోతాడేమోనని తెరెసా లేచి, బాగున్న చేత్తో తన కుర్చీ అతని వైపు జరిపింది.