చిన్న రేడియోలో వినపడని బరాత్ ట్రాక్

2023లో, పసుపు సీజను జోరుగా ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఆర్మూర్‌ను ఆనుకుని ఉన్న పెర్కిట్‌లో హైవే పక్కన, మేడ మీది గదిలో నాకొక చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ఆటో మైకు ప్రచారాలు, పెళ్లి పాటలు, చర్చి పాటలు రికార్డు చేస్తాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఆర్మూర్ గ్రంథాలయంలో ధ్వని గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివి, నోట్సు రాసుకుని నేర్చుకున్నాను. ఆ గర్వమే నన్ను బోల్తా కొట్టించింది.

నరేశ్ బరాత్‌లకు, అంటే పెళ్లి ఊరేగింపులకు, డీజే కొడతాడు. అతని ఏడు నిమిషాల ట్రాక్ మోగితే పెళ్లికొడుకు తాత కూడా కుర్చీలోంచి లేచేవాడు. అందులో ఒక్క మాట లేదు. మొదటి రెండు నిమిషాలు బిల్డప్, అంటే దెబ్బదెబ్బకూ ఊపు పెంచుతూ పోవడం. జనం పోగయ్యేదాకా అది సాగాలి. ముగింపంటూ లేదు. ఊరేగింపు ఇంటికి చేరగానే ఆపేయడమే.

"అన్నా, నిజామాబాద్ ఎఫ్ఎంల లోకల్ పాటలు ఏస్తున్రట. నాది జర మంచిగ చేసి పంపు," అంటూ వచ్చాడు. "మా బావ మస్కట్‌ల వీసా తీసిండు. ఒస్తనో రానో నెల రోజుల్ల చెప్పాలె. రేడియోల ఒస్తే పట్నం పెళ్లిళ్లు దొర్కుతయి, ఈడ్నే ఉంట. లేకుంటే ఫ్లైట్ ఎక్కుడే. నా పెండ్లం సుజాతకు ఆరో నెల. పుట్టిన పిల్లను ఫోన్ల సూడాలె నేను."

మళ్లీ తనే, "మాటల్లేవు గద అన్నా, నడుస్తదా?" అన్నాడు.

నేను కొట్టిపారేశాను. "మనిషికి మాట కన్నా ముందు లయ ఒచ్చింది తమ్మీ. నేను సదివిన. ఫికర్ చెయ్యకు."

నాలుగు రోజులకు స్టేషన్ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసింది. "బీట్ బాగుందండీ. పాట ఎక్కడుంది?"

"అదే పాట మేడమ్."

"ఒకసారి చిన్న రేడియోలో పెట్టుకుని వినండి," అని ఫోన్ పెట్టేసింది.

ట్రాక్‌ను మెమరీ కార్డులో వేసుకుని ఇద్దరం పసుపు మార్కెట్‌కు వెళ్లాం. అక్కడొక షెడ్డులో ఆడవాళ్లు కొమ్ములూ దుంపలూ వేరు చేస్తున్నారు. వాళ్ల మధ్య అరచేతిలో పట్టేంత రేడియో ఉంది. అది లస్మవ్వది. తన అక్క కొడుకు బరాత్‌లో ఇదే ట్రాక్‌కు చెమటలు కారేలా ఎగిరిన మనిషి. ఆమెను అడిగి కార్డు పెట్టాం.

చిక్, చిక్, చిక్. అంతే.

ట్రాక్ ప్రాణమంతా బేస్‌లో ఉంది. బేస్ అంటే పెద్ద బాక్సులు గుండెలో మోగించే కింది ధ్వని. అంత చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు. ఇది నేను చదివిన విషయమే, నోట్సులో బొమ్మ కూడా గీసుకున్నాను. అయినా ఒక్కసారైనా ఇలా విని చూడాలని తోచలేదు!

"ఏం సారూ, మా మిక్సీ కరాబైనప్పుడు గిట్లనే మొత్తుకున్నది," అంది లస్మవ్వ. షెడ్డంతా నవ్వింది.

"ఓ పెద్దవ్వా, మీ బరాత్‌ల నువ్వు ఎగిరింది గీ ట్రాక్‌కే!" అన్నాడు నరేశ్.

"దీనికా? పో పిలగా! ఆడ నీ బాక్సులు నన్ను ఎగిరేసినయి. ఈడ చేతుల పనున్నది. గిప్పుడు నా నోటికి ఏమన్న కావాలె గద."

"ఏం కావాలె?" అని అడిగాడు.

ఆమె కొమ్ములు ఏరుతూనే, "ఎండిన కొమ్ముకు ఎంత రంగమ్మో" అని పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు తల ఎత్తకుండానే "చేతికంటితే ఇక పోదమ్మో" అని అందుకున్నారు. ఆమె ప్రతిసారీ కొత్త మాట కట్టింది, వాళ్లు అదే మాట తిప్పికొట్టారు. మూడోసారికి నరేశ్ పెదాలు కదిలాయి. నావీ కదులుతున్నాయని ఆ తర్వాత తెలిసి ఉలిక్కిపడ్డాను. ఇలా తిరిగి తిరిగి వచ్చి నోట్లో ఉండిపోయే ముక్కను మా పనిలో హుక్ అంటాం. దాని గురించి కూడా చదివే ఉన్నాను.

మార్కెట్ సెలవునాడు వాళ్లను పిలిచి, నరేశ్ బీట్ మీద పాడించి రికార్డు చేశాను. బిల్డప్ కోసేస్తానంటే నరేశ్ ఒప్పుకోలేదు. "అది నా పానం అన్నా." కానీ రేడియో వినేవాడికి రెండు నిమిషాల ఓపిక ఉండదని చెప్పి ఒప్పించాను. పది సెకన్లలో గొంతు వచ్చేలా పెట్టాం. హుక్, చరణం, హుక్, చరణం, కాసేపు ఉత్త బీట్, మళ్లీ హుక్. మూడున్నర నిమిషాలు. అన్నిటికన్నా కష్టమైంది ముగింపు. నరేశ్ ఎన్నడూ ఏ ట్రాక్‌నూ ముగించి ఎరగడు. దానికే రెండు రోజులు పట్టింది.

మళ్లీ పంపితే, మేడమ్ ఈసారి ప్రశ్నలేవీ వేయలేదు. గురువారం పాట వచ్చింది. స్టేషన్‌కు ఫోన్ చేసినవాళ్లంతా ఒకటే అడిగారట, ఆ పాడినామె ఎవరని. డీజే పేరు ఒక్కరూ అడగలేదు. నరేశ్ ముఖం ఎలా చూడాలో తెలియక వారం రోజులు అతనికి ఫోన్ చేయలేదు.

అతనే దొంకేశ్వర్‌లో ఒక బరాత్‌కు రమ్మన్నాడు. ఎండ చల్లబడిన వేళ ఊరేగింపు కదిలింది. ఈ పాట వేశాడు. హుక్ రాగానే జనం ఎగరడం మరిచి పాడటం మొదలుపెట్టారు. నరేశ్ బిత్తరపోయి చూశాడు. చెయ్యి చాచి వాల్యూమ్ తగ్గించాడు. డీజే కొట్టేవాడు బరాత్ నడుమ సౌండు తగ్గించడం నేనెక్కడా చూడలేదు.

"ఇన్నేండ్ల సంది కొడుతున్న అన్నా," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "జనం గొంతు ఇనుడు గిదే ఫస్టు."

ఆ పాట కొట్టే డీజేనే కావాలంటూ ఆ వారంలోనే నిజామాబాద్ నుంచి మూడు పెళ్లిళ్లు కుదిరాయి. బావకు ఫోన్ చేసి, రానని చెప్పేశాడు.

లయ ముందు పుట్టిందన్న పుస్తకం తప్పు కాదు. గుంపులో ఉన్న మనిషికి లయ చాలు, పక్కవాడి ఒళ్లే మిగతాది చెబుతుంది. ఒంటరిగా పని చేసుకుంటూ వినేవాడికి తోడుగా ఒక గొంతు కావాలి, ఆ గొంతు మళ్లీ వస్తుందన్న నమ్మకం కావాలి. ఇప్పుడు ఏ పాట పూర్తయినా చిన్న రేడియోలో వేసి, పనిలో ఉన్న మనిషి దగ్గర పెడతాను. బాగుందా అని అడగను. పెదాలు కదిలేదాకా చూస్తాను.